రెండో సైరన్

నలభై మూడు రోజుల తర్వాత దొరికిన ఒక్కరోజు సెలవు! డ్యామ్ గేట్ల ఆపరేటర్ పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. చెప్పాపెట్టకుండా వెళ్లి భార్య ముందు నిలబడాలని అతని ఎత్తు. వానాకాలమంతా ఫోనులో గొంతు వినడమే తప్ప మనిషిని చూసింది లేదు. ఆమె మీద బెంగతో అన్నం కూడా సయించడం లేదు.

అడ్డంకల్లా ఎనిమిదింటి వరద డ్రిల్లు. అతను సైరన్ మోగిస్తే అతని ఇల్లున్న దిగువ కాలనీ జనం బస్సులెక్కి, ఎగువ రోడ్డు మీదుగా డ్యామ్ గుట్ట మీది హాలుకు చేరాలి. 'ప్రమాదం లేదు' అంటూ రెండో సైరన్ మోగాకే దిగాలి. నాలుగేళ్లుగా ఒక్క పురుగు కదిలితే ఒట్టు. రాని జనాన్ని వెనక్కి పంపడానికి రెండో సైరన్ దేనికని, మొదటిది మోగించి, తన బదులు డ్యూటీకి వచ్చినతనికి గేట్లు అప్పగించి, కాలవగట్టు అడ్డదారిన బండి ఉరికించాడు. సైరన్ తాళంచెవి జేబులోనే ఉండిపోయింది.

దారిలో బురదలో బండి దిగబడి, చేరేసరికి గంట పట్టింది. ఇంటికి తాళం. పక్కింటికీ తాళమే. వీధిలో కాకి కూడా లేదు. భార్యకు ఫోను చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"డ్యామ్ మీద, మీ గది ముందేనండీ! మీరెక్కడ?"

"మనింటి గుమ్మంలో."



"మీ సైరన్‌ని ఎవరూ లెక్కచేయరని మొన్న బాధపడ్డారుగా," అందామె. "గడపగడపకీ తిరిగి నాలుగొందల మందిని బయల్దేరదీశాను. ఆ వంకన మిమ్మల్నీ చూడొచ్చని..."

పక్కనే ఉన్న డ్యామ్ ఇంజనీరు ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "తాళంచెవి ఏదయ్యా? రెండో సైరన్ మోగందే కదలం అంటున్నారు. అందరూ నా నెత్తిన కూర్చున్నారు! నీ సెలవు రద్దు, తక్షణం రా!"

పడుతూ లేస్తూ గుట్టెక్కాడు. హాలు మెట్ల మీద భార్య, చేతిలో కాలనీ జాబితా. నలభై మూడు రోజులుగా దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో!

"తుంపరలో నిలబడ్డావేం?" అన్నాడు.

"చిక్కిపోయారు," అందామె.

"డ్రిల్లు మాత్రం అదిరిందయ్యా!" అన్నాడు ఇంజనీరు. "ఇక నెలనెలా జరపాల్సిందే. ముందు సైరన్ కొట్టు, పాపం ఇళ్లకు పోతారు."

తాళంచెవి పెట్టాడు. ఇది తిరిగితే సైరన్ మోగుతుంది, సైరన్ మోగితే బస్సు కదులుతుంది, అందులో ఆమె వెళ్లిపోతుంది. అతని చెయ్యి ఆగిపోయింది.

"తాళం ఇరుక్కుందండీ."

"ఎంతసేపు పడుతుంది?"

అతను భార్య వంక చూశాడు. "అరగంటైనా పడుతుందండీ."

ఆనాటి నుంచి ప్రతినెలా డ్రిల్లు రోజున ఆ తాళం సరిగ్గా అరగంట ఇరుక్కుంటూనే ఉంది.