స్వదేశీ కారుకు పసుపు స్నానం

ఆ రోజుకు గణపతిరావు వేసుకున్న పథకం చాలా సాదాది. పొద్దున్నే ఆమదాలవలసలో కొత్త కారు బయలుదేరాలి. పొందూరు, చీపురుపల్లి మీదుగా విజయనగరం చేరి అత్తగారిని ఎక్కించుకోవాలి. ఆవిడతో రామతీర్థం వెళ్ళి, ఆవిడ తృప్తి కోసం రాములవారి ఎదుట కారుకి పూజ చేయించి, మధ్యాహ్నానికి అందరూ ఇంటికొచ్చి భోజనానికి కూర్చోవాలి. ఇందులో చిక్కు పడడానికి ఎక్కడా సందు లేదని ఆయన భార్య తాయారుతో రెండుసార్లు అన్నాడు. తాయారు తెల్లవారుజామునే లేచి, అమ్మకోసం గుమ్మడికాయ పులుసుతో సహా వంటంతా ముగించింది.

కారంటే మామూలు కారు కాదు. పేరు జయరథ్, మన దేశంలో మనవాళ్ళు తయారుచేసింది. దానికోసం పేరు రాయించుకుని గణపతిరావు ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ధాన్యం మిల్లు బాగా నడుస్తోంది కదా, పాత సీమ కారు, అదే దొరల కారు, ఏదైనా కొనుక్కోరాదా అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే ఉపన్యాసం ఇచ్చేవాడు. పొందూరు ఖద్దరు కట్టుకుని పరాయివాడి కారులో కూర్చుంటే ఆ ఖద్దరు సిగ్గుపడుతుందనేవాడు. తెల్లవాడు వెళ్ళిపోయినా స్వాతంత్ర్యపోరాటం ముగియలేదనీ, స్వదేశీ కారు కొన్ననాడే ముగుస్తుందనీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూడా చెప్పేవాడు. రైలు ఆలస్యమైన రోజుల్లో వినేవాళ్ళు బాగానే ఉండేవారు.

అయితే ఆయన అసలు బెంగ కారు కాదు, అత్తగారు నారాయణమ్మ. పెళ్ళయిన కొత్తలో, విదేశీ బట్టలు బహిష్కరించే రోజుల్లో, ఆవిడ అల్లుడికి పెట్టెలో పెట్టి ఒక పట్టుకండువా ఇచ్చింది. పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలు చూడగానే అల్లుడి రక్తం ఉడికింది. పెట్టెతో సహా తీసుకెళ్ళి విజయనగరం మూడులాంతర్ల కూడలిలో విదేశీ బట్టలు తగలబెడుతున్న మంటలో పారేశాడు. జనం జేజేలు కొట్టారు. నారాయణమ్మ ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచీ అననేలేదు. అల్లుడితో ఏదైనా చెప్పాలంటే గుమ్మంతోనో స్తంభంతోనో చెప్పేది. కూతురి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అలాంటి మనిషి మొన్న కబురు పెట్టింది. అల్లుడి కారులో రామతీర్థం వస్తుందట. ప్రయాణం సవ్యంగా జరిగితే అట్నుంచటే వాళ్ళింటికి భోజనానికి కూడా వస్తుందట. ఆ మాట విన్నప్పుడు గణపతిరావు కళ్ళు చెమ్మగిల్లాయి. దుమ్ము పడిందని చెప్పి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

ఇక బయలుదేరడమే తరువాయి అనుకుంటుండగా డ్రైవరు ఎల్లాజీ కారు తుడుస్తూ పిలిచాడు.

"బాబూ, ఇక్కడేదో ఇంగిలీసులో రాసున్నాది. కంపెనీ పేరు గావాల."

ఇంజను వేడి చూపించే ముల్లు ఉంటుందే, ఆ అద్దం అడుగున చీమల బారులా చిన్న అక్షరాలున్నాయి. గణపతిరావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మేడ్ ఇన్ ఇంగ్లండ్. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాడు. ఇంగ్లండు ఎక్కడికీ పోలేదు. కారు చుట్టూ తిరిగి వెతికాడు. ముందు దీపాల అద్దాల మీద అదే రాత, హారను మీద అదే రాత. కారంతా మనదే, కాదనడానికి లేదు. కాకపోతే చూసే కళ్ళు, అరిచే గొంతు, జ్వరం చూపించే ముల్లు మాత్రం వాళ్ళవి.

తన న్యాయం ప్రకారం తానిప్పుడు చెయ్యవలసిన పని ఏమిటో ఆయనకు తెలుసు. అగ్గిపెట్టె జేబులో ఉంది, పెట్రోలు కారులోనే ఉంది. కానీ అత్తగారు కారెక్కడానికి ఇంతకాలానికి ఒప్పుకుంది. పైగా విజయనగరంలో బావమరిది నరసింగరావు కాచుకుని ఉంటాడు. ఎవరో జమీందారు వదిలించుకున్న సీమ కారు కొనుక్కుని, దేశభక్తి గుండెలో ఉండాలిగానీ చక్రాల్లో ఉంటుందా అని బావని ఆటపట్టించే మనిషి. ఈ అక్షరాలు వాడి కంట పడితే అత్తగారి చెవిన పడడానికి క్షణం పట్టదు.

సరిగ్గా అప్పుడే తాయారు కారుకి బొట్టు పెడదామని పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చింది. గణపతిరావు పళ్ళెం వైపు చూశాడు. అక్షరాల వైపు చూశాడు.

"ఇలా ఇవ్వు. నేనే పెడతాను."

తాయారు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తాను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆయన ఇంటి గడపకైనా బొట్టు పెట్టి ఎరగడు. అలాంటిది వేడి ముల్లు అద్దం నిండా పసుపు ముద్ద మెత్తి, మీద కుంకుమ దట్టించాడు. దీపాలకు పూశాడు, హారనుకి పూశాడు. అక్కడక్కడే పూస్తే అనుమానం వస్తుందని తలుపులకీ చక్రాలకీ కూడా పూశాడు. పసుపు చాలక ఇంకో గిన్నెడు తెమ్మన్నాడు.

ఎదురింటి కూర్మమ్మ, పక్కింటి బుల్లమ్మ ఇదంతా చూస్తూనే ఉన్నారు. కొబ్బరికాయ కొట్టడం కూడా దండగనే మనిషి మోచేతుల దాకా పసుపు పూసుకున్నాడంటే ఊరికే కాదని తేల్చారు. అమ్మోరు ఆయన కలలోకి వచ్చిందని కూర్మమ్మ అంది. కారు తెమ్మని అడిగిందని బుల్లమ్మ అంది. ఆ మాట వీధి చివరికి వెళ్ళేసరికి అమ్మోరు కారులోనే ఉంది. ఆడవాళ్ళంతా వేపమండలు, బంతిపూల దండలు తెచ్చి కారు ముందు, ఇంజనుకి గాలి తగిలే జాలీ కనపడకుండా కట్టేశారు. వద్దంటే పసుపు ఎందుకు పూశారని అడుగుతారు. గణపతిరావు చేతులు జోడించి, తాయారుతో పాటు వెనక సీటు ఎక్కాడు.

దారి పొడవునా అదే తంతు. పొందూరులో జనం పక్కకి జరిగి దండాలు పెట్టారు. చీపురుపల్లిలో సంత రోజు. అమ్మోరు కారెక్కి వస్తోందన్న మాట కారు కంటే ముందే చేరింది. ఆడవాళ్ళు మురాటలు తెచ్చారు, అంటే అమ్మవారికి చల్లదనానికి పోసే పసుపునీళ్ళ చెంబులు. దారికి అడ్డంగా నిలబడి కారు ఆపి మరీ పోశారు. తప్పుకోమని ఎల్లాజీ హారను నొక్కాడు. పసుపు పట్టిన హారను మామూలుగా మోగక, పూనకం వచ్చిన మనిషిలా బొంగురుగా మూలిగింది. దాంతో అప్పటిదాకా దూరంగా ఉన్నవాళ్ళు కూడా వచ్చి సాష్టాంగపడ్డారు.

విజయనగరంలో నారాయణమ్మ వీధిలోకి వచ్చి, చీర కొంగు భుజం మీదకి లాక్కుని, కారుని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి దానితో చెప్పింది.

"మొత్తానికి దేవుడంటే బయం వచ్చినట్టున్నాది."

చెప్పి, కారెక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. గణపతిరావుకి ఆ క్షణాన ఎవరైనా ఇంగ్లండు మొత్తాన్ని రాసిచ్చినా వద్దనేవాడు. నరసింగరావు మాత్రం కారు చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, అద్దం మీద వేలుతో తట్టాడు. పసుపు తప్ప ఏమీ దొరకలేదు.

"ఏటి బావా, కారు కొన్నావా, గుడి కొన్నావా?"

తన సీమ కారులో వెనకాలే వస్తానన్నాడు. మధ్యదారిలో అమ్మని ఎక్కించుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదా అని నవ్వాడు.

నెల్లిమర్ల దాటాక ఎల్లాజీ వెనక్కి తిరిగి, వేడి ముల్లు కనబడడం లేదనీ, పసుపు కాస్త గీకమంటారా అనీ మెల్లిగా అడిగాడు. ముట్టుకోవద్దన్నాడు గణపతిరావు. అత్తగారి ముఖానికి ఎదురుగానే ఉంది ఆ అద్దం. ఎల్లాజీ గీకలేదు. ముందేమో దండలూ మండలూ గాలికి అడ్డం, దారంతా ఆగుతూ వచ్చిన కారు. కాసేపటికి బానెట్టు కింద బుస్సుమని, తెల్లటి ఆవిరి ఆకాశానికి లేచింది.

పొలాల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు చూశారు. అమ్మోరు పూనిందని ఒకామె కేక పెట్టడమే తడవు, బురద కాళ్ళతోనే అందరూ పరిగెత్తుకొచ్చి, అమ్మని చల్లబరచడానికి కుండలతో నీళ్ళు కుమ్మరించారు. ఎల్లాజీ దొరికిందే సందని దండలన్నీ పీకేసి బానెట్టు ఎత్తాడు. కారు చల్లబడుతోంది. చల్లబడుతూనే పసుపు కడిగేసుకుంటోంది. నరసింగరావు వచ్చి నిలబడేసరికి ముందు దీపాల అద్దాలు తళతళ మెరుస్తున్నాయి.

అతను వంగి చదివాడు. నిదానంగా, ఒక్కో అక్షరం చప్పరిస్తూ చదివాడు.

"అమ్మా, ఇలా సూడు. బావ కారు కళ్ళు ఇంగ్లండువట. నా కారే నయం కాదేటి, తల నుంచి కాళ్ళ దాకా ఒకే దేశం."

నారాయణమ్మ అల్లుడి పసుపు చేతుల వైపు చూసింది, దీపాల వైపు చూసింది. కారు దిగి, నడిచి వెళ్ళి కొడుకు కారులో కూర్చుంది. ఇన్నాళ్ళకు ఎక్కిన మనిషి దిగిపోయింది. గణపతిరావుకి ఏడుపొచ్చినంత పనైంది. తాయారు వచ్చి ఆయన పక్కన నిలబడింది.

నరసింగరావు దర్జాగా కూర్చుని కారు స్టార్టు చేశాడు. అది ఓ మూలుగు మూలిగి, లోపల ఏదో పుటుక్కుమని తెగి, ఊరుకుంది. మళ్ళీ చేశాడు. ఈసారి మూలగను కూడా మూలగలేదు. ఎల్లాజీ వెళ్ళి దాని బానెట్టు ఎత్తాడు. ఏమైందో చూద్దామని గణపతిరావు కూడా తల దూర్చాడు. అలా చూస్తూ చూస్తూ ఆయన ముఖం విప్పారింది.

"ఒరే నరసింగం, ఈ తెగిన బెల్టు మా మిల్లుది కాదట్రా? పోయిన కోతలప్పుడు అడిగి పట్టుకెళ్ళావు."

అవునని నరసింగరావు గొణిగాడు. సీమ నుంచి సామాన్లు రావడం ఎప్పుడో ఆగిపోయిందట. గణపతిరావు వదల్లేదు, ఒక్కొక్కటీ పట్టుకుని అడిగాడు. నీళ్ళ పంపు లారీది. గొట్టాలు జనపమిల్లు పక్క కొట్లో కొన్నవి. తక్కినవన్నీ కంటోన్మెంటులో మేస్త్రీ సాగగొట్టి చేసినవి.

"అయితే ఇందులో సీమది ఏటుందిరా?"

నరసింగరావు బానెట్టు లోపలికి ఓసారి తొంగి చూశాడు. "పేరుంది బావా."

గణపతిరావు పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నవ్వు ఆగకముందే, ఎల్లాజీ వెళ్ళి తాళం తిప్పగానే అవతల జయరథ్ ఒక్క పట్టున స్టార్టయి, పొలాలన్నీ దద్దరిల్లేలా గర్జించింది. ఎల్లాజీ ముఖంలో మొదటిసారి పళ్ళు కనిపించాయి.

నాట్ల ఆడవాళ్ళలో ఒకామె బండి మోకు తెచ్చింది. స్వదేశీ కారు వెనక సీమ కారుని కట్టారు. నారాయణమ్మ ఎవరూ పిలవకుండానే దిగి వచ్చి, మళ్ళీ ఎల్లాజీ పక్కన కూర్చుంది. గణపతిరావు కండువా దులిపి భుజాన వేసుకుని వెనక ఎక్కాడు. వెనక కారులో నరసింగరావు ఊరికే చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. అమ్మోరు శాంతించి పరాయి కారుని కూడా చెరపట్టి తీసుకెళ్తోందని జనం చెప్పుకున్నారు. ఎక్కడినుంచో డప్పు కూడా వచ్చి చేరింది. ఆ మేళంతో, ఆ జేజేలతో జయరథ్ రామతీర్థంలో ప్రవేశించింది. మూడులాంతర్ల దగ్గర కూడా గణపతిరావుకి అన్ని జేజేలు దక్కలేదు.

ఏ కారుకి పూజ చెయ్యాలని పూజారి అడిగాడు.

"రెండింటికీ చెయ్యండి. ఏది ఏ దేశానిదో రాములవారే తేల్చుకుంటారు," అన్నాడు గణపతిరావు.

పూజ అయ్యాక కొబ్బరిచెక్క పట్టుకుని నిలబడి ఉండగా వెనకనుంచి మాట వినిపించింది.

"అల్లుడుబాబూ."

గణపతిరావు చుట్టుపక్కల స్తంభం ఉందేమోనని చూశాడు. లేదు. నారాయణమ్మ తిన్నగా ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఆనాడు మీరు తగలెట్టిన కండువా బరంపురం పట్టు. నేను సెప్పి నేయించేను. పెట్టి ఒక్కటే సీమది. మంచి పెట్టి కదాని దాసి, అందులో ఎట్టేను. మీరు పెట్టి మీద రాత సదివేరు గానీ బట్ట సూళ్ళేదు."

గణపతిరావు భుజం మీది కండువాని తడుముకున్నాడు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"అడిగేరేటి?"

అనేసి ఆవిడ ముందుకు నడిచింది. తానే తలుపు తీసుకుని కారులో కూర్చుంది, ఒడిలో ప్రసాదం సర్దుకుంది. గుమ్మడికాయ పులుసు చల్లారిపోతుందనీ, పొద్దుటినుంచీ ఏమీ తినలేదనీ, త్వరగా రమ్మనీ అల్లుడినే పిలిచి చెప్పింది. గణపతిరావు కళ్ళలో మళ్ళీ దుమ్ము పడింది. ఈసారి పసుపు చేతులతోనే తుడుచుకున్నాడు.

కారు కదిలాక నారాయణమ్మ వెనక్కి తిరిగి, ముఖంలో నవ్వు కనపడనీయకుండా అంది.

"కారు బాగున్నాది బాబూ. దీన్ని మాత్రం తగలెట్టీకండి."