థ్రాషర్‌గారి అయోగ్యత

కెప్టెన్ ఒబదయా థ్రాషర్‌గారంతటి వినయశీలి మసాచుసెట్స్ సీమలోనే లేడని గురువారం ఉదయం మా గిల్గాలు గ్రామంలో డప్పు కొట్టి చాటారు. చాటించినవారు థ్రాషర్‌గారే.

బోస్టన్ శాసనసభకు మా ఊరి ప్రతినిధిగా వెళ్లాలన్నది ఆయన సంకల్పం. అందుకు తగిన నల్లని అంగీ ముందే కుట్టించుకున్నారు. పోటీదారు లేడు, ఆటంకం ఒక్కటే. మా చట్టం ప్రకారం చర్చి సంఘంలో చేరినవాడికే ఓటు, వాడికే పదవి. చేరాలంటే సభామందిరంలో అందరి ఎదుటా నిలబడి, తానెంత పాపియో, దైవకృప తనను ఎలా తాకిందో సాక్ష్యం చెప్పాలి. ఇంతటి పవిత్రమైన రాజ్యాంగం రోము చక్రవర్తులకైనా లభించలేదు.

మందిరంలో కునికేవారి నెత్తిన కర్రతో తట్టి లేపే బాధ్యత నాది. ఆ హోదాలో, కెప్టెన్‌గారు మా సంఘ కాపరి, అంటే మత గురువు, మూర్‌గారి ఎదుట సాక్ష్యం సాధన చేసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"చిన్నప్పుడు ప్రార్థనలో ఒకసారి నవ్వాను అయ్యగారూ. అంతే."

కాపరి పెదవి విరిచారు. "ఈ పాపానికి పందులను కాసే ఉద్యోగం కూడా రాదు కెప్టెన్."

"పోనీ, బైబిల్లో దావీదు రాజంతటి పాపినని చెప్పనా? ఎన్ని చేసినా రాజుగానే ఉన్నాడుగా!"

"దావీదు అవన్నీ పదవి వచ్చాక చేశాడు నాయనా. నీకింకా రాలేదు."

దిగులుతో ఇల్లు చేరిన భర్తను మెహిటబెల్ అమ్మగారు ఆదుకున్నారు.

"పాపాలు కావాలా? ముందే అడగొచ్చుగా! పెళ్లయిన నాటినుంచీ గుర్తుపెట్టుకుంటున్నాను. రాసుకోండి."

"నెమ్మదిగా చెప్పవే, చెయ్యి నొప్పెడుతోంది!"

"ఇంకా మా అమ్మను అన్న మాటల దగ్గరికే రాలేదండీ."

ఆదివారంనాడు కెప్టెన్‌గారు లేచి నిలబడ్డారు. ఆనాడు నా కర్రకు పని లేకపోయింది. ఒక్కరూ కునకలేదు. పొరుగువాడి కంచె జరిపిన వైనం, యుద్ధంలో గడ్డివామిలో దాక్కుని కెప్టెన్ అయిన వైనం వినిపించారు. ముసలమ్మలు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు ఆయనకు మరింత ఉత్సాహమిచ్చింది.

"సహోదరులారా! నా మాట నమ్మకండి! నాకు అధికారమిస్తే ఊరును అమ్ముకుంటాను! నన్ను బోస్టన్ పంపడం తోడేలును గొర్రెల దొడ్డికి పంపడమే!"

"ఆమేన్!" అని మందిరం దద్దరిల్లింది. ఇంతటి సాక్ష్యం అపొస్తలుల కాలం తరువాత వినలేదని కాపరి ప్రకటించారు. చేతులన్నీ లేచాయి. కెప్టెన్‌గారు ఆ క్షణమే సంఘస్థులయ్యారు, ఓటరు కూడా అయ్యారు.

వెంటనే ఎన్నిక. టోపీ బల్లబల్లకూ తిరిగింది. అభ్యర్థి కావాలనుకుంటే మొక్కజొన్న గింజ, వద్దనుకుంటే చిక్కుడు గింజ వేయడం మా పద్ధతి. నేను కన్నీళ్లు తుడుచుకుంటూ నా గింజ వేశాను. కెప్టెన్‌గారు కళ్లు మూసుకుని, ఆకాశంవైపు ముఖమెత్తి తమది వేశారు. కొత్త అంగీ ఒళ్లో సిద్ధంగా ఉంది.

కాపరి టోపీని బల్లమీద బోర్లించారు. గలగలమని చిక్కుళ్లు రాలాయి. చిక్కుళ్లు, చిక్కుళ్లు, చిక్కుళ్లు. వాటి నడుమ పచ్చగా ఒకే ఒక్క మొక్కజొన్న గింజ.

మూర్‌గారి ముఖం గంభీరమైంది.

"సహోదరులారా, కెప్టెన్‌గారి సాక్ష్యాన్ని మనమందరం మనసారా నమ్మాం. నమ్మని కఠినహృదయుడు ఒక్కడు మన మధ్య ఉన్నాడు. వాడెవడో లేచి నిలబడాలి."

ఎవరూ లేవలేదు. స్త్రీల బల్లల వైపునుంచి మెహిటబెల్ అమ్మగారి దగ్గు వినిపించింది.

కెప్టెన్‌గారు తల వంచారు. గడ్డం ఒళ్లోని అంగీలో మునిగేదాకా, చెవులు ఎర్రబడేదాకా వంచారు. అంతటి వినయాన్ని నేను ఈ సీమలో ఎన్నడూ చూసి ఎరుగను.