బీరువా పద్ధతి

"కొలవగలిగిందే ఎదుగుదల. కొలవలేనిది ఎదుగుదల కానేరదు."

ఈ మహావాక్యం నాది కాదు. విద్యాశాఖ నుంచి మా బడికి వచ్చిన ఉత్తర్వులో మొదటి పేరా. పిల్లలు చిక్కుడు గింజలు నాటాలని, మూడు వారాల తర్వాత తనిఖీ అధికారి స్వయంగా వచ్చి స్కేలు పెట్టి కొలుస్తారని, మొక్క ముప్ఫై సెంటీమీటర్లు దాటితే ఆ బడిలో సైన్సు బోధన సవ్యంగా సాగుతున్నట్టేనని రెండో పేరా. మూడో పేరా మాత్రం అచ్చంగా నా కోసం రాసినట్టుంది. అలాంటి బడిలో తాత్కాలిక ఉపాధ్యాయులెవరైనా ఉంటే వాళ్లను పర్మనెంటు చేస్తారట.

నేను తొమ్మిదేళ్లుగా తాత్కాలికంగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. వేరు ఎలా పట్టుకుంటుందో ఏటా పిల్లలకు బొమ్మ గీసి మరీ వివరిస్తాను. నాకు మాత్రం ఈ ఉద్యోగంలో వేరు ఇంకా పట్టలేదు.

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఏం చెప్పినా "ఎందుకు సార్?" అంటుంది కాబట్టి స్టాఫ్ రూములో ఆమె పేరు ఎందుకమ్మ. మొక్కకు వెలుతురు కావాలని నేను చెప్పగానే, లేకపోతే ఏమవుతుందని అడిగింది. చూద్దాం పదమని, ఒక కుండీని ల్యాబులో పాత రిజిస్టర్ల బీరువాలో పెట్టి తలుపు మూయించాను. మిగతావి కిటికీ దగ్గర వరసగా పెట్టాం. తొమ్మిదేళ్లలో నేను చెప్పిన మంచి పాఠం అదొక్కటే అనుకుంటాను.

తనిఖీ రోజు పొద్దున్నే హెడ్మాస్టరు స్కేలు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చారు. మొక్కలు లావుపాటి కాడలతో, ముదురాకుపచ్చ ఆకులతో కళకళలాడుతున్నాయి. కొలిస్తే పద్నాలుగు సెంటీమీటర్లు.

"ఏంటయ్యా మాస్టారూ, ఇంత పొట్టిగా ఉన్నాయి?"

"ఆరోగ్యంగా ఉన్నాయి సార్."

"ఆరోగ్యం కొలవడానికి నా దగ్గర స్కేలు లేదు" అంటూ ఆయన ఏదో రిజిస్టరు కోసం బీరువా తెరిచారు. లోపల మా కుండీ. అందులోంచి దారంలా సన్నగా, పాలిపోయి, ముడుచుకున్న రెండు ఆకులతో ఒక కాడ పై అరకు మెడ ఆనించి నిలబడింది. హెడ్మాస్టరు కొలిచారు. ముప్ఫై ఎనిమిది.

"అది చీకట్లో ఉంది గనక అలా సాగింది సార్. వెలుతురు ఎక్కడుందోనని వెతుక్కుంటోంది" అన్నాను.

"వెతుక్కోనీ. ఎదిగిందా లేదా?"

పదకొండింటికి, తొమ్మిదో తరగతి పిల్లలంతా ల్యాబులో కూర్చుని ఉండగా అధికారి వచ్చారు. బల్ల మీదికి చేరిన బీరువా మొక్కను ఎగాదిగా చూశారు.

"పొడవు బాగుంది. పచ్చగా లేదేం?"

"ఎండలో తిరగదు కదండీ, రంగు తేలింది" అన్నారు హెడ్మాస్టరు ఏమాత్రం తడబడకుండా.

అధికారి తల పంకించి రాసుకోబోతుండగా, వెనక వరసలోంచి ఎందుకమ్మ లేచింది.

"అది ఎదగడం కాదు సార్. ఆకులో పచ్చదనం లేదు గనక తిండి తయారు చేసుకోలేదు. గింజలో దాచుకున్నది తిని బతుకుతోంది. అదైపోగానే పడిపోతుంది."

అధికారి కలం ఆగింది. నావైపు తిరిగారు.

"ఏం మాస్టారూ, ఆ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

నా కళ్ల ముందు మూడో పేరా నిలబడింది. ఆ అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది, నేను అవునంటానని పూర్తి నమ్మకంతో.

"చిన్నపిల్ల సార్" అన్నాను. "ఇంకా పాఠం పూర్తి కాలేదు."

ఆ అమ్మాయి కూర్చుంది. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

నాలుగో రోజున మొక్క పడిపోయింది. హెడ్మాస్టరు దానికి చీపురుపుల్ల కట్టి, రికార్డులో "విశ్రాంతి దశ" అని రాయించారు. నెల తిరక్కుండా "బీరువా పద్ధతి" అన్ని బడుల్లోనూ అమలు చేయాలని ఉత్తర్వు వచ్చింది. పద్ధతి కనిపెట్టిన నిపుణుడిగా పత్రికలో నా ఫొటో వేశారు. పర్మనెంటు ఆర్డరూ చేతికొచ్చింది. పరీక్షలకు జవాబులు నిర్ణయించే సంఘానికి నన్నే పెద్దను చేశారు.

వార్షిక పరీక్షలో "మొక్క బాగా ఎదగాలంటే ఏం కావాలి?" అన్న ప్రశ్నకు పది మార్కులు. సంఘం నిర్ణయించిన జవాబు: చీకటి, బీరువా, మూసిన తలుపు.

ఇంట్లో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే ఎందుకమ్మ పేపరు వచ్చింది. వెలుతురు, నీరు, గాలి, పత్రహరితం, ఆకు తన తిండి తానే వండుకునే తీరు, అన్నీ ఒక పేజీ నిండా రాసింది. వాక్యాలు ఎక్కడో విన్నట్టున్నాయి. క్లాసులో నేను చెప్పినవే. ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. సిగ్గేసింది, కానీ సున్నా గుండ్రంగానే వచ్చింది.

అప్పుడు మా ఆవిడ నవ్వుతూ వచ్చింది.

"ఏవండీ, మన గులాబీ కుండీలన్నీ బట్టల బీరువాలో సర్దేశాను. కనిపెట్టినవాళ్ల ఇంట్లోనే పాటించకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

నేను కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాను.

"మతిగానీ పోయిందా నీకు? వెలుతురు లేకపోతే ఆకు తిండి ఎలా చేసుకుంటుంది? పది రోజుల్లో చస్తాయి!"

ఒక్కొక్క కుండీ మోసుకొచ్చి కిటికీ ముందు పెట్టాను. ఆకుల మీద దుమ్ము కూడా తుడిచాను. వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ చేతిలో ఎందుకమ్మ పేపరుంది.

"మీరిప్పుడు అరిచిందే ఈ పిల్ల కూడా రాసింది" అంది నెమ్మదిగా. "మరి సున్నా వేశారేంటి?"

"అది పరీక్ష" అన్నాను. "ఇవి మన మొక్కలు."