గెస్టుల జాబితాలో పానకాలరావు

విజయవాడ గుణదలలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే పానకాలరావు తన ఇంట్లో ఆడుతున్న మాటల్లో నూటికి ముప్పై ఒకటి అవతలివాళ్ళకి చేరడం లేదని జూన్ రెండో వారంలో తేలింది. నోట్లోంచి సరిగ్గానే బయల్దేరుతున్నాయి. హాలు దాటేలోపు ఎక్కడో పడిపోతున్నాయి. ఆ వీధిలో అంతకుముందు నెలలోనే ఇలాంటివి నాలుగు నమోదయ్యాయి కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఆ ఇంటికి మూడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయి. భార్య ఇందుమతి ఆన్‌లైన్లో లెక్కల పాఠాలు చెబుతుంది, ఆవిడకొకటి. కూతురు హిమజ ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది, ఆ అమ్మాయికొకటి. ఈ రెండిట్లో ఏది ఆగినా ఆదుకోవడానికి మూడోది. ఈమధ్య ఇళ్ళలో మాటలు కూడా లైన్ల మీదే నడుస్తున్నాయి గనక, వంటింట్లోంచి తల్లి పిలిచిన పిలుపు ఒక లైను మీద ఊరవతల ఎక్స్ఛేంజికి వెళ్ళి, ఇంకో లైను మీద తిరిగొచ్చి, పక్కగదిలో ఉన్న కూతురికి నాలుగు సెకన్లలో అందుతుంది. నాలుగడుగులు వేసి చెప్పినా అంతే పడుతుంది. కాకపోతే నడిచి వెళ్ళి చెప్పే పద్ధతి ఆ ఇంట్లో పోయి చాలా కాలమైంది.

పానకాలరావు మున్సిపల్ కార్పొరేషన్ నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటు. నూటికి అరవై తొమ్మిదంటే ఫస్టు క్లాసే కదా అని మొదట సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఒక మాట చేరి తీరాలి. వచ్చే గురువారం ఉదయం అతనికి గుండె పరీక్ష ఉంది. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపించి చూస్తారట. వెంట ఇంటిమనిషి ఒకరుండాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అతనికి భయంగా ఉంది. ఈ సంగతి భార్యకి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ ఆవిడ ఫోను వంక చూస్తూనే ఉంది. ఐదోసారి కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించాడు. తెల్లారేసరికి కాగితం ఉంది, అక్షరాలు లేవు.

లైన్ల కంపెనీకి కంప్లెయింటు పెట్టాడు. పదమూడంకెల నంబరొచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, ఆ నంబరు మీద రెండుసార్లు పరీక్ష చేసి, రెండుసార్లూ లోపం లేదని మూసేశారు. పరీక్షకి వాడే మాట ‘భోంచేశావా’. ఎంత పోట్లాట నడుస్తున్న ఇంట్లోనైనా ఈ మాటకి జవాబు వచ్చి తీరుతుందని కంపెనీవాళ్ళు ఎప్పుడో తేల్చుకున్నారు. పానకాలరావు సోఫాలో కూర్చుని వందసార్లు అడిగాడు. వందసార్లూ వంటింట్లోంచి “ఆఁ” అని వచ్చింది.

మూడోసారి కంపెనీ లైన్‌మన్ మస్తాన్‌వలి వచ్చాడు. నెరిసిన గడ్డం, ఇరవయ్యేళ్ళ సర్వీసు.

“చిన్న మాటలతో చూస్తే ఏ ఇల్లయినా బానే ఉంటదండి. బరువైన మాటొకటి అనండి సార్,” అన్నాడు.

పానకాలరావు కాసేపు ఆలోచించి, “ఇందూ, నాకు భయమేస్తోంది,” అన్నాడు.

మస్తాన్‌వలి చేతిలోని మీటరు చూశాడు. మాట టీపాయ్ దాటింది, టీవీ దగ్గర కాస్త తడబడింది, వంటింటి గుమ్మం ముందు పడిపోయింది. మూడు లైన్ల మీదా మార్చి మార్చి అనిపించాడు. మూడుసార్లూ అక్కడే పడింది. అప్పుడు రూటరులో ఇంట్లోవాళ్ళ జాబితా తెరిచాడు.

“అమ్మగారున్నారు. పాపగారున్నారు. ఫ్రిజ్జుంది, గీజరుంది. మీరు లేరండి.”

“మరి నేనెక్కడున్నాను?”

“గెస్టుల్లో ఉన్నారు.”

మూడేళ్ళ క్రితం రూటరు బిగించేవాళ్ళు వచ్చి ఎవరెవరి పేర్లు ఎక్కించాలని అడిగినప్పుడు, పానకాలరావు అలవాటు కొద్దీ “ముందు వాళ్ళవి చూడండి, నాదేముందిలే” అన్నాడు. పెళ్ళి భోజనాల్లో కూడా అతను ఆఖరి బంతి దాకా ఆగే మనిషి. బిగించేవాళ్ళు ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు. నాదేముందిలే అని గెస్టుల్లో చేరిపోయిన ఇంటిపెద్దలు ఒక్క గుణదలలోనే రెండొందల పధ్నాలుగు మంది ఉన్నారని మస్తాన్‌వలి చెప్పాడు. గెస్టు మాట మంచినీళ్ళ దాకా వెళుతుంది, భోజనం దాకా వెళుతుంది, కరెంటు పోయిందన్న కబురు దాకా వెళుతుంది. అంతకు మించిన బరువు ఇంట్లోవాళ్ళని తాకకూడదు, వాళ్ళ భద్రత కోసం. బయటివాళ్ళతో మాత్రం ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

“అయితే మార్చండి.”

“ఇంట్లోవాళ్ళు అడగాలండి.”

“అడగమని నేను వాళ్ళకి చెప్పాలి కదా.”

“అదీ బరువు మాటేనండి. పోనీ నేను చెబుదామన్నా, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళం మొయ్యకూడదు. ఉద్యోగం పోద్ది.” సామాను సర్దుకుంటూ మస్తాన్‌వలి ఆగాడు. “ఒక పని చెయ్యండి సార్. బయటికెళ్ళి, బెల్లు కొట్టి, చుట్టపుచూపుగా రండి. బెల్లు కొట్టొచ్చిన గెస్టుకి బరువు లెక్క లేకుండా అరగంట టైముంటది. ఆ అరగంటా ఒక్క మాట పోదు. మా ఇంటికి నేనూ అట్టాగే వెళ్తా.”

సాయంత్రం ఆరున్నరకి పానకాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగి, అరడజను అరటిపళ్ళు కొని, పైకొచ్చి తన ఇంటి బెల్లు తనే కొట్టాడు.

ఇందుమతి తలుపు తీసింది. మొహం విప్పారింది. “రండి రండి అన్నయ్యగారూ, కూర్చోండి,” అంది. ఇంటికొచ్చిన మగవాళ్ళని ఆవిడ అలాగే పిలుస్తుంది. వేరే పిలుపు లేదు కాబట్టి పానకాలరావు సర్దుకున్నాడు. “ఎందుకండీ ఇవన్నీ,” అంటూ ఆవిడ అరటిపళ్ళు అందుకుంది. షోకేసులో ఉండే గాజుగ్లాసులో మంచినీళ్ళు తెచ్చింది. ఫోను బోర్లించి పెట్టి ఎదురుగా కూర్చుంది. హిమజ గదిలోంచి వచ్చి, చెవిలోది తీసి మరీ “నమస్తే అంకుల్” అంది. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అంటారు. ఆ కంచం ఎలా ఉంటుందో అతను ఆ రోజే చూశాడు.

గురువారం సంగతి చెప్పాడు. భయంగా ఉందని కూడా చెప్పాడు. ఒక్క మాట పోలేదు. ఇందుమతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన మాట ఎవరైనా అంత ఆదరంగా విని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

“ఒంటరిగా వెళ్ళకండి అన్నయ్యగారూ. ఇంట్లోవాళ్ళకి చెప్పారా?”

“చెప్పానమ్మా. చేరలేదు.”

“అయ్యో.”

“మీరు రాగలరా?”

ఇందుమతి నిజంగానే ఆలోచించింది. “వచ్చేదాన్నేనండీ. మావారికి ఎనిమిదింటికల్లా క్యారేజీ కట్టివ్వాలి. ఆయన నోరు తెరిచి ఏదీ అడగరు. నేను చూసుకోకపోతే పస్తుంటారు.”

ఏడింటికి ఆవిడ గుమ్మం దాకా వచ్చి “మళ్ళీ రండి” అంది. “వస్తానమ్మా” అని అతను రెండంతస్తులు దిగి, లిఫ్టు పక్కన కాసేపు నిలబడి, పైకెళ్ళి తన తాళంచెవితో తలుపు తీసుకున్నాడు. ఇందుమతి ఫోను వంక చూస్తోంది. బల్ల మీద అరటిపళ్ళు ఉన్నాయి. ఒకటి తిన్నాడు.

గురువారం ఎనిమిదింటికి ఆవిడ క్యారేజీ చేతికిచ్చింది. దాంతోనే ఆసుపత్రికి వెళ్ళాడు. వెంట వచ్చినవారి సంతకం కావాలన్నారు. పక్క బెంచీ మీద ఆడపడుచు కోసం వచ్చిన ఒకావిడకి సంగతి చెప్పాడు. మొదటిసారికే చేరింది. “సంతకమే కదా బాబాయిగారూ, ఇటివ్వండి,” అని ఆవిడ సంతకం పెట్టి, బంధుత్వం గడిలో ‘కూతురు’ అని రాసింది. ప్రమాదం లేదు, మందులు చాలన్నారు. మధ్యాహ్నం వార్డులో కూర్చుని క్యారేజీ విప్పాడు. అతనికి ఇష్టమని దొండకాయ వేపుడు పెట్టింది ఇందుమతి.

ఆ సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ బెల్లు కొట్టాడు. ఈసారి ఆవిడ అతని మణికట్టు మీది కట్టు చూసి, కూర్చోకుండానే అడిగింది.

“ఏమన్నారండీ? తోడెవరైనా వచ్చారా?”

అంత శ్రద్ధగా అడిగిన మనిషిని నొప్పించడం అతనికి ఇష్టం లేకపోయింది.

“వచ్చారమ్మా,” అన్నాడు.

“హమ్మయ్య,” అంది ఇందుమతి, ఎదురుగా కూర్చుంటూ. “ఎంతైనా ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళేనండీ.”

పానకాలరావు అవునన్నాడు. గోడ గడియారం వంక చూశాడు. ఇంకా ఇరవై ఆరు నిమిషాలు ఉన్నాయి.