భానుప్రసాద్ భద్రతా విధానం

ఆ ఆదివారం ఉదయం భానుప్రసాద్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, నైరుతి సిడ్నీ తెలుగు సంఘానికి అధ్యక్షుడు కావడం. రెండు, అదే పూట కూతురు అమూల్య పెళ్ళి ఖాయం చేసుకోవడం. అమూల్యా, కౌశల్ యూనివర్సిటీలోనే ఒకరినొకరు మెచ్చుకున్నారు కాబట్టి, మిగిలింది పెద్దల ముచ్చటే. కౌశల్ తండ్రి బాలమురళి ఆ ఉదయమే సన్నీబ్యాంక్ నుంచి విమానంలో బయల్దేరాడు. కాబోయే వియ్యంకుణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆయన కళ్ళెదుట గెలిచి, ఆ ఊపులోనే తాంబూలాలు పుచ్చుకోవాలని భానుప్రసాద్ కోరిక.

చిక్కంతా ఎన్నికల అధికారి రామచంద్ర గారివల్ల వచ్చింది. ఆయన రిటైరైన పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్. టీవీలో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలు చూసి చూసి, మనవాళ్ళు మాత్రం అధ్యక్ష అభ్యర్థులు కారా అనుకుని, వారం ముందు జరిగిన సభలో ఇద్దరినీ అదే ప్రశ్న అడిగారు: ఉగ్రవాదాన్ని ఎలా ఎదుర్కొంటారు? ఉగాదికి హాలు మాట్లాడడం, పులిహోర సరిపోయిందో లేదో చూడడం తప్ప ఆ పదవికి వేరే అధికారాలు లేవు. అయినా అడిగాక చెప్పకపోతే పరువేం కావాలి?

"కడుపు నిండినవాడు గొడవెందుకు చేస్తాడండీ?" అన్నాడు ప్రత్యర్థి శ్రీపతి. "ఎవరొచ్చినా ముందు భోజనం పెడదాం. మాటలు తర్వాత."

భానుప్రసాద్ బల్ల గుద్దాడు. "బేరాల్లేవు. డిమాండ్లకి లొంగేది లేదు. మీదేవూరు, ఎవరి తాలూకు అని అడిగి, మనకి తెలిసినవాళ్ళెవరో తేలాకే లోపలికి. మా వియ్యంకుడైనా సరే."

చప్పట్లు మోగాయి. రామచంద్ర గారు మురిసిపోయి, పోలింగ్ రోజున రెండు విధానాలనూ పరీక్షించి చూద్దామన్నారు. తలుపు దగ్గర భానుప్రసాద్, వంటింట్లో శ్రీపతి.

అలా ఎడ్మండ్‌సన్ పార్క్ హాలు తలుపుకి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చున్నాడు భానుప్రసాద్. "తెనాలా? తెనాల్లో ఎక్కడండీ? గంగానమ్మపేటలో ఎవరింటి పక్కన?" అంటూ ఒక్కొక్కరి మేనమామల దాకా వెళ్ళి వచ్చేసరికి క్యూ కార్ పార్క్ దాటి రోడ్డెక్కింది. పెరుగు డబ్బాలు తెచ్చిన వ్యాన్ డ్రైవరుది సిడ్నీలోనే పంచ్‌బౌల్. అక్కడ మనకి తెలిసినవాళ్ళెవరూ లేరని అతన్ని వెనక్కి పంపేశాడు.

అంతలో బాలమురళి వచ్చాడు. "నమస్కారం బావగారూ."

భానుప్రసాద్ లేవబోయాడు. శ్రీపతి మనుషుల చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి. "డాడ్, ప్లీజ్, జస్ట్ లెట్ హిమ్ ఇన్," అని వెనక నుంచి అమూల్య గొణిగింది. అన్న మాట తప్పితే ఓట్లు పోతాయని భానుప్రసాద్ మళ్ళీ కూర్చున్నాడు.

"మీ అమ్మగారి పుట్టిల్లు ఏవూరండీ?"

బాలమురళి మొహంలో నవ్వు మాయమైంది. "బయోడేటా పంపాం కదండీ. రేపల్లె. పానకాలు మేష్టారి అమ్మాయి."

"పానకాలు మేష్టారా?" అన్నాడు భానుప్రసాద్. "ఆయన మా అమ్మవైపు తాతకి పెదనాన్న కొడుకు."

క్యూలో ముందున్న ఉపేంద్ర క్షణంలో లెక్క తేల్చేశాడు. "అంటే మీ అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళ వరస. మీరు అన్నదమ్ములు. అబ్బాయి అమ్మాయికి అన్నయ్యవుతాడండీ."

"వాట్ డూ యూ మీన్, అన్నయ్య?" అంది అమూల్య. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి భానుప్రసాద్‌కీ ఏడుపొచ్చింది. బాలమురళి సూట్‌కేసు అందుకుని, రిటర్న్ ఫ్లైట్ చూసుకుంటానన్నాడు.

"ఆ వరస తప్పు," అంది క్యూలోంచి ఒక గొంతు. చేతికర్ర మీద ఆనుకుని పొద్దుట్నుంచీ ఎండలో నిలబడ్డ విద్యావతి గారు. "అసలు సంగతి నాకు తెలుసు. కాళ్ళు పీకుతున్నాయి, కుర్చీ వేస్తే గుర్తొస్తుంది."

కుర్చీ వచ్చింది.

"ఆ బల్ల తీసేసి అందర్నీ లోపలికి పంపు."

బల్ల తీశారు.

"పెరుగు వ్యాన్ని వెనక్కి పిలిపించు."

భానుప్రసాద్ స్వయంగా ఫోన్ చేసి డ్రైవరుకి క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఇప్పుడు పోటీ నుంచి తప్పుకో. ఏడాది పొడుగునా ఈ క్యూలు నావల్ల కాదు నాయనా."

భానుప్రసాద్ కూతురి వైపు చూశాడు. "తప్పుకున్నా ఆంటీ. చెప్పండి."

"పానకాలు మేష్టారు ఆ ఇంటికి దత్తు వెళ్ళారు. పుట్టుకకి ఆయన మీ తాతకి మేనత్త కొడుకు. అంటే బావ. ఆ లెక్కన మీ అమ్మలు వదినా మరదళ్ళు, మీరిద్దరూ బావలు. పిల్లల పెళ్ళికి అడ్డేముంది?"

బాలమురళి సూట్‌కేసు కింద పెట్టి భానుప్రసాద్‌ని కౌగిలించుకున్నాడు. అమూల్య కౌశల్‌కి ఫోన్ చేయడానికి బయటికి పరిగెత్తింది. శ్రీపతి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. రెండు విధానాల్లో ఏది పనిచేసిందో సభే చూసిందని రామచంద్ర గారు మైకులో ప్రకటించారు. తాంబూలాలు కూడా అక్కడే మార్చుకున్నారు.

భోజనాల దగ్గర శ్రీపతి స్వయంగా పెరుగు వడ్డిస్తూ విద్యావతి గారి దగ్గర ఆగాడు. "ఆంటీ, మీదీ రేపల్లేనా?"

"రేపల్లా? నాది పార్వతీపురం బాబూ. అటువైపు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఎండలో మాడు పగిలిపోతుంటే ఏం చెయ్యమంటావు? ఇంకాస్త వెయ్యి."

కొత్త అధ్యక్షుడు అటూ ఇటూ చూసి, గరిటెడు పెరుగు వేసి, దేశభద్రత దృష్ట్యా ఆ సమాచారాన్ని రహస్యంగా ఉంచాలని తన మొదటి నిర్ణయం తీసుకున్నాడు.