తెర మీంచి చెరగని మామగారు

ఆ రోజు ఉదయం భూతద్దం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండులోపు ఒక రివ్యూ ముగించాలి, పదకొండుంపావుకి కాఫీ తాగాలి. అంతకు మించి ఆ రోజు నుంచి అతను ఏమీ ఆశించలేదు.

భూతద్దం అనేది ఆఫీసులో పెట్టిన పేరు. వాళ్ల కంపెనీ తయారుచేసేది కంప్యూటర్ తెరల మీద కనిపించే బటన్లూ, జాబితాలూ, టేబుళ్లూ. టేబుల్ అంటే నాలుగు కాళ్లది కాదు, వరుసలూ గళ్లూ ఉండేది. వేరే కంపెనీలు వాటిని కొనుక్కుని తమ ప్రోగ్రాముల్లో బిగించుకుంటాయి. ఎవరు ఏ మార్పు రాసినా లోపలికి వెళ్లే ముందు భూతద్దం రివ్యూ చేసి, అంటే తప్పొప్పులు చూసి, ఆమోదించాలి. పద్దెనిమిదేళ్లలో ఎవరి మార్పునూ అతను మొదటిసారే ఆమోదించిన పాపాన పోలేదు.

ఆ రోజు అతని ముందుకొచ్చింది కొత్తమ్మాయి రాసిన మార్పు. ప్రోగ్రాములో నాలుగే నాలుగు లైన్లు. టేబుల్లో ఒక తప్పుంది. వరుసను తీసేస్తే లెక్కలోంచి పోతుంది కానీ, తెర మీద దాని అక్షరాలు అలాగే ఉండిపోతాయి. ఆ చోటును తుడవాలన్న సంగతి టేబుల్ మర్చిపోతుంది. ఆ నాలుగు లైన్లూ దాన్ని తుడిపిస్తాయి.

కొత్తమ్మాయికి అది నాలుగు లైన్ల విషయం కాదు. ఆరు నెలల పరీక్షాకాలం ఆ రోజుతో ముగుస్తుంది. మేనేజరు ముందురోజే తేల్చి చెప్పాడు. "పన్నెండులోపు నీ మార్పు లోపలికెళ్తే ఉద్యోగం ఖాయం. వెళ్లకపోతే నేను చేయగలిగిందేమీ లేదమ్మా."

తొమ్మిది గంటలకు ఆమె భూతద్దం గది గుమ్మంలో నిలబడింది.

"సార్, చిన్న మార్పే. ఒక్కసారి చూస్తే..."

"చిన్నవాటితోనే భయం నాకు. పెద్దవి దూరంనుంచే కనిపిస్తాయి. వెళ్లి కూర్చో."

రివ్యూ చేసేటప్పుడు భూతద్దానికి రెండు నియమాలున్నాయి. మొదటిది, ఫోను డ్రాయర్లో ఉండాలి, ఈమెయిల్ మూసి ఉండాలి. రెండోది, పరీక్ష కోసం టేబుల్ని ఇంట్లోవాళ్ల పేర్లతో నింపాలి. "ఏవో పిచ్చి అక్షరాలు కొడితే కన్ను జారిపోతుందయ్యా. అదే మా మామగారి పేరు మీద చిన్న మరక పడనీ, నా ఒళ్లు జలదరిస్తుంది" అనేవాడు.

ఈ టేబుల్ని వాడుకునేది ఊళ్లోని ఒక పెద్ద ఆస్పత్రి. కింది హాల్లో రోగుల బంధువుల కోసం తెరలు పెట్టి, ఎవరు ఏ వార్డులో ఉన్నారో, ఎలా ఉన్నారో చూపిస్తుంది. ఆస్పత్రి సామాను గదిలో ఒక పాత తెర పడి ఉంటే, పరీక్షల కోసం భూతద్దం దాన్ని తన కంప్యూటర్‌కి కలిపించుకున్నాడు. తను ఏం రాస్తే అది అక్కడ పడుతుంది. అక్కడ పడింది ఇక్కడ ఒక మూల కనిపిస్తుంది.

తొమ్మిదీ పదికి అతను టేబుల్ నింపాడు. మామగారి పేరు ఇంటిపేరుతో సహా, ఆపరేషన్ థియేటర్, పరిస్థితి విషమం. విషమానికి ఎర్ర రంగు పడాలి, రంగును కూడా పరీక్షించాలి మరి. అత్తగారు, ప్రసూతి వార్డు, కవలలు, క్షేమం. బావమరిది, ఎముకల వార్డు, రెండు కాళ్లకూ కట్లు. భార్య, అత్యవసర విభాగం, స్పృహలో లేరు. వయసు గళ్లు మాత్రం ఖాళీగా వదిలేశాడు. అత్తగారి వయసు ఎంతని రాసినా గొడవే.

తర్వాత నాలుగు వరుసలూ తీసేశాడు. తెర మీద నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తప్పు నిజమేనని ఖాయమైంది. ఇక ఆ మార్పును తెరకు ఎక్కించి చూడడమే తరువాయి. కానీ ఎక్కించే ముందు ఆ నాలుగు లైన్లూ చదివాడు. చదివితే అభ్యంతరం పుట్టింది. ఒకటి పుట్టాక రెండోది ఆగుతుందా? పదిన్నరకల్లా పద్నాలుగు రాశాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. హాల్లోని పెద్ద తెర తెల్లవారుజామున కాలిపోయింది. సామాను గదిలోని పాత తెరను తెచ్చి దాని స్థానంలో బిగించారు. బిగించబోతున్న సంగతి ఆస్పత్రివాళ్లు ఎనిమిదింటికే ఈమెయిల్లో రాశారు. బిగించినవాడు నిచ్చెన మీద ఉండగానే పేర్లు వచ్చి పడ్డాయి. కనెక్షన్ కుదిరిందనుకుని అతను సంతోషంగా నిచ్చెన దిగి, దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పదీ ఇరవైకి ఆ హాల్లోకి అడుగుపెట్టిన వ్యక్తి భూతద్దం బావమరిది. అతనిది దుప్పట్ల వ్యాపారం. ఆస్పత్రికి కొత్త దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి, రసీదు కోసం నిలబడి, ఊరికే తలెత్తాడు.

నాన్న. విషమం. ఎర్రగా.

మూట చేతిలోంచి జారింది. దాని కింద అమ్మ పేరు, కవలలు. దాని కింద తన పేరు, రెండు కాళ్లకూ కట్లు. అతను వంగి తన కాళ్లు చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి, కట్లు లేవు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా! నాన్నేడీ?"

"పార్కులో నడవడానికెళ్లార్రా. ఏం?"

"పార్కులో కాదే అమ్మా, థియేటర్లో ఉన్నాడు! విషమంగా ఉందట!"

"సినిమాకెళ్లారా? నాతో చెప్పకుండానా?"

"ఆపరేషన్ థియేటర్ అమ్మా!"

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపుకి తాళం వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కింది. పావుగంట తర్వాత మామగారు నడక ముగించి తిరిగొచ్చారు. రిటైరైన డ్రిల్ మాస్టారు ఆయన. డెబ్బై ఒకటో ఏట కూడా ఆస్పత్రి గడప తొక్కలేదని వీధి వీధంతా చెప్పుకునేవారు. తాళం చూసి ఆగిపోతే పక్కింటావిడ కేకేసింది.

"మీ ఆవిడ ఏడుస్తూ పెద్దాస్పత్రికెళ్లింది మాస్టారూ!"

ఆయన ఆటో కోసం ఆగలేదు. పరుగెత్తారు.

ఇక్కడ ఆఫీసులో కొత్తమ్మాయి మళ్లీ గుమ్మంలో నిలబడింది.

"సార్, మీ డ్రాయర్ మోగుతోంది."

"మోగనీ."

"గంట నుంచి మోగుతోంది సార్. నలభై సార్లు లెక్కపెట్టాను."

"లెక్క అంత బాగా వస్తే, ఆరో అభ్యంతరంలో అడిగిన లెక్క ఎందుకు రాయలేదు?"

ఆమె మొహం పాలిపోయింది. గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. అప్పుడు మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఒక కాలికి బూటు లేస్ వేళ్లాడుతూ.

"ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటయ్యా! మీ ఆవిడ నా నంబరుకి ఫోన్ చేసింది. మీ మామగారు పోయేలా ఉన్నారట! మీ అత్తగారికి కవలలట! నాకేమీ అర్థం కావడంలేదు!"

భూతద్దం కళ్లలో నీళ్లు తిరిగాయి. మామగారితో మూడేళ్లుగా మాటల్లేవన్నది నిజమే కానీ, మనిషి మనిషే కదా. "ఏ వార్డులో?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఆపరేషన్ థియేటర్లోనట. మీ బావమరిది తెర మీద చూశాడట. ఎర్రగా..."

ఎర్రగా.

భూతద్దం మెల్లగా తల తిప్పి తన కంప్యూటర్లో ఆ మూలకు చూశాడు. మామగారు ఎర్రగా మెరుస్తున్నారు. ఈమెయిల్ తెరిచాడు. ఎనిమిది గంటల ఉత్తరం చదివాడు. డ్రాయర్లో ఫోను నలభై ఒకటోసారి మోగింది. తీసి చెవిన పెట్టుకున్నాడు.

"ఏమండీ! ఎక్కడున్నారు? నాన్న..." ఆస్పత్రి హాల్లోంచి భార్య గొంతు వెక్కిళ్ల మధ్య వినిపించింది.

"మీ నాన్నకేం కాలేదే. అది... నేను రాశాను."

అవతల వెక్కిళ్లు ఆగిపోయాయి.

"మీరు రాశారా? మా నాన్న చావుబతుకుల్లో ఉన్నాడని మీ చేత్తో రాశారా?"

"రంగు సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని..."

"నేను స్పృహలో లేనని కూడా మీరేనా?"

"అది పొడవు కోసం. గడిలో పొడుగు మాట పడుతుందా లేదా అని."

"మరి మీ పేరు లేదేం?"

"నేను రివ్యూ చేసేవాణ్ని కదే."

"ముందు అది చెరిపేయండి! హాల్లో జనం అమ్మను చూసి చేతులెత్తి దండాలు పెడుతున్నారు, అరవై నాలుగేళ్లకి కవలలా అని!"

"చెరిపేశాను. రెండు గంటల క్రితమే చెరిపేశాను. పోవడంలేదు. అదే కదా ఆ తప్పు!"

ఖాళీ వరుసలు పంపి చూశాడు. ఖాళీయే కదా, గీయడానికేముందని టేబుల్ ఊరుకుంది. "పోనీ వాటి మీద వేరే పేర్లు వేసేస్తాను" అన్నాడు.

"ఇంకెవర్ని పడుకోబెడతారు? మీ అమ్మగారినా?"

అతను కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. మేనేజరు మరో ఫోన్లో ఆస్పత్రి రిసెప్షన్‌తో మాట్లాడుతున్నాడు. "ఆ తెర ఆపేయండమ్మా, దయచేసి... ఏంటీ? దాని స్విచ్చూ లిఫ్టు స్విచ్చూ ఒకటేనా? లిఫ్టులో స్ట్రెచరుందా? వద్దు వద్దు, ముట్టుకోకండి!"

ఒక్కటే దారి మిగిలింది. కొత్తమ్మాయి నాలుగు లైన్లు. అవి తెరకు ఎక్కితే ఆ చోటు తుడుచుకుపోతుంది. కానీ ఆ తెర ఇప్పుడు సామాను గదిలో లేదు, హాల్లో ఉంది. హాల్లో తెరలకు ఆమోదం పొందిన మార్పు తప్ప మరొకటి ఎక్కదు. ఆమోదించాలంటే ప్రతి అభ్యంతరం కిందా "తీరింది" అని రాయాలి. రాయాల్సింది అభ్యంతరం పెట్టినవాడే.

"కానివ్వండి సార్" అంది కొత్తమ్మాయి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూ. "మొదటిది. 'ఈ లైను అందంగా లేదు.'"

"అందంగానే ఉంది. తీరింది."

"మూడోది. 'ఇంత తొందర దేనికి?'"

"తీరింది, తీరింది!"

"తొమ్మిదోది. 'ఈ తప్పు వల్ల నిజంగా ఎవరైనా ఇబ్బంది పడ్డారా? ఆధారం చూపాలి.'" ఆమె చదివి, అమాయకంగా మొహం పెట్టి అడిగింది. "ఆధారం ఫోన్లో ఉన్నారు సార్. స్పీకర్ పెట్టమంటారా?"

భూతద్దం "తీరింది" అని కొట్టాడు, రెండుసార్లు అచ్చుతప్పు పడ్డాక.

పదకొండూ యాభై రెండుకి ఆమోదం పడింది. యాభై నాలుగుకి తెర ఒక్కసారి నల్లబడి వెలిగింది. మామగారు పోయారు. అత్తగారు పోయారు. బావమరిది, భార్య, అందరూ పోయారు. తెర తెల్లగా, కడిగిన పళ్లెంలా ఉంది. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. కొత్తమ్మాయి పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆస్పత్రివాళ్లు కూడా తెరను తమ అసలు జాబితాకు కలుపుకున్నారు. ఒక్కొక్క పేరే పడసాగింది. ఎవరో, ఎవరో, ఎవరో.

యాభై ఎనిమిదికి ఐదో వరుస పడింది.

మామగారు. ఇంటిపేరుతో సహా.

భూతద్దం కెవ్వున కేకవేశాడు. "మళ్లీ వచ్చారు! తుడిచిన వరుస మళ్లీ వచ్చింది! నాకు తెలుసు, నాలుగు లైన్లతో పోయే తప్పు కాదది! పని చేయలేదు. ఆమోదం వెనక్కి తీసుకుంటున్నా!"

అతని వేలు మీట మీద ఉంది. మేనేజరు నిస్సహాయంగా గడియారం వైపు చూశాడు. రెండు నిమిషాలు. కొత్తమ్మాయి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, కానీ ఆమె ఏడవలేదు. తెర మీదికి వంగింది.

"సార్, ఆగండి. ఇది మీరు రాసిన వరుస కాదు."

"మా మామగారి పేరు నాకు తెలియదా?"

"పేరు అదే. మీరు థియేటర్ అని రాశారు. ఇక్కడ రెండో అంతస్తు, మంచం పదకొండు అనుంది. మీరు విషమం అన్నారు, ఇక్కడ పరిశీలనలో అనుంది. మీరు వయసు గడి ఖాళీగా వదిలేశారు. ఇక్కడ డెబ్బై ఒకటి అని పడింది. సార్... ఇది ఆస్పత్రివాళ్లు రాశారు."

బల్ల మీద ఫోను మోగింది. ఈసారి బావమరిది.

"బావా! నాన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెర చూశాడు. అమ్మకి కవలలని చదివి, జనంలో ఉన్న మమ్మల్ని గమనించకుండా, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మూడంతస్తులు మెట్లెక్కి ప్రసూతి వార్డుకెళ్లాడు. అక్కడ నర్సులు పట్టుకుని బీపీ చూసి, కదలనివ్వకుండా రెండో అంతస్తులో పడుకోబెట్టారు. ప్రమాదమేం లేదంట. రెండ్రోజులుంచి పంపిస్తారంట. లేవనిస్తే మీ దగ్గరికే వస్తానంటున్నాడు. అందుకే లేవనివ్వట్లేదు."

భూతద్దం వేలు మీట మీంచి జారిపోయింది. మేనేజరు లేచి, కొత్తమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం గీకాడు. పన్నెండు కొట్టింది.

సాయంత్రం ఆస్పత్రి నుంచి ప్రశంస వచ్చింది. ఐదో వరుస ఎంతో శుభ్రంగా పడిందనీ, హాలు చివరినుంచి కూడా రోగి పేరు స్పష్టంగా కనిపిస్తోందనీ రాశారు.