మంత్రిగారి కొలత గోడ

"వంద రోజుల్లో ఈ శాఖలో గూని వీపు అన్నది కనిపించకూడదు" అని మంత్రిగారు ప్రకటించిన రోజున హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఉద్యోగుల వీపులు నిలబడితేనే ప్రభుత్వం నిలబడుతుందని కూడా వారు సెలవిచ్చారు. అంత గొప్ప ఆలోచన వారికెలా వచ్చిందో ఎవరికీ తెలియదు. వారికీ తెలియదు కాబట్టి ఎవరూ అడగలేదు.

మర్నాడే సర్క్యులర్ దిగింది. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడితే తల వెనక భాగం కూడా గోడకు తగలాలి. తగిలినవారికే ప్రమోషన్.

హెడ్ క్లర్కు ఆ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివాడు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉంది. సూపరింటెండెంటు అనిపించుకుని ఇంటికెళ్లాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీదికి వంగి వంగి వీపు గుండ్రంగా తిరిగిపోయింది. కొలిస్తే తలకీ గోడకీ మధ్య నాలుగంగుళాలు తేలింది.

"భయపడకండి బాబాయ్ గారూ, వంగి కూర్చోవడం వల్ల వచ్చిందే ఇది. రోజూ చేస్తే తగ్గుతుంది" అంది వ్యాయామాలు నేర్పడానికి వచ్చిన డాక్టరమ్మ.

ఆయన చేశాడు. చుట్టిన తువ్వాలు వీపు కింద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. గడ్డాన్ని వెనక్కి లాక్కున్నాడు. రబ్బరు పట్టీ సాగదీసి జబ్బలు వెనక్కి కలిపాడు. బస్టాపులో గోడ కనబడితే చాలు, దానికి ఆనుకుని చేతులు పైకీ కిందికీ జరిపేవాడు. పోలీసులు సోదా చేస్తున్నారనుకుని ఇద్దరు ప్రయాణికులు కూడా పక్కన చేతులెత్తి నిలబడ్డారు.

పక్క సీటు గుమాస్తా మాత్రం ఒక్కరోజూ చేయలేదు. "ఈ ముచ్చట ఎన్నాళ్లులే అన్నయ్యా" అంటూ మెడ ముందుకు వాల్చి కునుకు తీసేవాడు.

తొంభయ్యో రోజున హెడ్ క్లర్కు తల గోడకు ఠప్పున తగిలింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంట్లో పై అరలో డబ్బా స్టూలెక్కకుండానే చేతికి అందింది. భార్య మురిసిపోయి, "ఇంక ఈ స్టూలెందుకండీ, కాళ్లకడ్డం" అంది. ఆయన దాన్నెత్తి అలమర నెత్తిన పెట్టేశాడు.

వందో రోజు కొత్త కొలత గోడను మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి ప్రారంభించారు. తొలి కొలత కూడా తామే ఇస్తామని కెమెరాల ముందు నిలబడ్డారు. వారి తలకీ గోడకీ మధ్య సెక్రటరీ పిడికిలి పట్టింది.

"గోడ వెనక్కి పోయింది సార్" అన్నాడు సెక్రటరీ.

"ఎవరయ్యా కట్టింది?"

"మేస్త్రీ సార్. బొత్తిగా బాధ్యత లేదు."

డాక్టరమ్మ నోరు తెరవబోయింది. "అమ్మా, మీ ఉద్యోగం ఇంకా టెంపరరీయేనా?" అని సెక్రటరీ ఆప్యాయంగా అడిగాడు. ఆవిడ పక్కకు జరిగింది.

మేస్త్రీ పరుగున వచ్చాడు. మంత్రిగారు కదలకుండా నిలబడితే, వారి తల వెనక సందు నిండేదాకా సిమెంటు మెత్తాడు. గోడకు చక్కటి పొట్ట వచ్చింది. ఆరాక మంత్రిగారు మళ్లీ నిలబడ్డారు. తల తగిలింది. వారు ఒక్క పూటలో నిటారయ్యారని పత్రికలు రాశాయి. మిగతావాళ్లకు వంద రోజులు ఎందుకు పట్టిందని నిలదీశాయి కూడా.

హెడ్ క్లర్కు వంతు వచ్చింది. తల ఆనిస్తే వీపు ఆనదు, వీపు ఆనించబోతే గోడ పొట్ట తలతోపాటు మనిషినే ముందుకు నెట్టేస్తుంది. ఫెయిల్ అని రాశారు. తర్వాత పక్క సీటు గుమాస్తా నిద్రమత్తులోనే వెళ్లి నిలబడ్డాడు. కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయాడు.

"హెడ్ క్లర్కుగారి వీపు నిటారుగా ఉంది సార్" అంది డాక్టరమ్మ ఉండబట్టలేక.

"ఉంటే గోడకెందుకు ఆనలేదమ్మా?" అన్నాడు సెక్రటరీ. "పెద్దాయన, పాపం. ఇంకో నెల టైమిద్దాం. మీరే దగ్గరుండి చేయించండి."

ఆవిడ చీటీ మీద కొత్త వ్యాయామాలు రాసిచ్చింది. గడ్డం ముందుకు, భుజాలు ముందుకు, రోజుకు రెండు గంటలు. ఆయన మొహం చూడలేక కిటికీ వైపు చూస్తూ ఇచ్చింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పి సరాసరి అలమర దగ్గరికెళ్లి, చేయి చాచి స్టూలు దించాడు.

"ఇప్పుడెందుకండీ అది? మీకు అన్నీ అందుతున్నాయిగా" అంది భార్య.

"అందుతున్నప్పుడే దించాలి" అన్నాడాయన. "నెల పోతే అందదు."